పసిబిడ్డలకు బడిలో తొలినాళ్లు

జూన్ మాసమున పాఠశాలలు తెఱచునప్పుడు చెన్నపురిలోని తెలుగు గృహములందు రెండు విధములైన కోలాహలములు వినవచ్చును. పెద్ద పిల్లలున్న యిండ్లలో పుస్తకములు, ఫీజులు, బస్సు ఏర్పాట్లు గూర్చిన సందడి. మూడేండ్లో, నాలుగేండ్లో నిండిన బిడ్డను తొలిసారి బడికి పంపు నిండ్లలో ఏడ్పు. ఈ రెండవదానిని మనవారు పెద్దగా లెక్కచేయుట లేదు. “నాలుగు దినము లేడ్చి వాడే అలవాటుపడును” అని తండ్రి తన కార్యాలయమునకును, తల్లియు నుద్యోగస్థురాలైనచో నామె తన కార్యాలయమునకును వెడలిపోవుదురు. అలవాటుపడుట యనగా నేమి, ఆ దినములలో బిడ్డకేమి జరుగుచున్నది, అవి నాలుగు దినములా, నాలుగు మాసములా యని విచారించువారు అరుదు. న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, ఆడిటర్లు తమ తమ వృత్తులలో చిన్న పత్రమును సైతము రెండుమారులు చదువనిదే సంతకము చేయరు. బిడ్డ అడ్మిషను కాగితముపై మాత్రము చదువకయే చేయుచున్నారు.

బడిలో పసిబిడ్డకు తొలి పాఠములు అక్షరములకంటె ముందు వచ్చునవి. చెప్పు లెచట విడువవలెను, సంచి యే కొక్కెమునకు తగిలింపవలెను, దాహమైనచో ఎవరి నడుగవలెను, మూత్రమునకు పోవలెనన్న నెట్లు తెలుపవలెను, బొమ్మ రెండవవాని చేతిలో నున్నంతసేపు ఎట్లు వేచియుండవలెను, డబ్బాలోని అన్నమును తానే యెట్లు తినవలెను. వీని కన్నిటికిని మూలమైనది, విడిచిపోయిన తల్లి మరల వచ్చునను నమ్మకము. మూడేండ్ల బిడ్డకు గడియారము తెలియదు. పండ్రెండు గంటలకు వత్తునన్న మాట వానికి నిష్ప్రయోజనము. వానికి తెలిసినది ఒకదాని వెంట నొకటి వచ్చు క్రమము. పాట యైన పిమ్మట ఆట, ఆట యైన పిమ్మట చేతులు కడుగుకొని తినుట, తినిన పిమ్మట కథ, కథ యైన పిమ్మట అమ్మ. ప్రతిదినము తప్పక ఇట్లే జరిగినచో కొలది వారములలో ఆ క్రమమే వానికి గడియార మగును. కథ మొదలు కాగానే వాడు గుమ్మమువైపు చూడసాగును. క్రమము దినమున కొకరీతిగా మారినను, తల్లి యొకనాడు కథకు ముందును, ఒకనాడు కథ ముగిసిన గంటకును వచ్చినను, ఏడ్పు మరల మొదటికి వచ్చును. తప్పు బిడ్డది గాదు.

గుమ్మమువద్ద గట్టిగా నేడ్చి, తల్లి కనుమరుగైన పావుగంటకు బొమ్మలలో పడు బిడ్డను గూర్చి మాకంత భయము లేదు. ఏడ్వక, మాటాడక, తెచ్చిన అన్నమును తెచ్చినట్లే తిరిగి కొనిపోవు బిడ్డను గూర్చియే శ్రద్ధ వహింపవలెను. ఉదయము కాగానే కడుపునొప్పి యనుట, ఎప్పుడో మానిన పక్కతడుపుట మరల మొదలగుట, ఆదివారమున మాత్రము హాయిగా నుండుట దీనికి గుర్తులు. విచిత్రమేమన, బడిలో నిట్టి బిడ్డకే “బుద్ధిమంతుడు” అని పేరు వచ్చును.

తెలుగు బిడ్డల విషయమున ఈ మౌనమునకు ప్రత్యేకమైన కారణ మొకటి కలదు. తరతరములుగా ఈ పట్టణమున స్థిరపడిన తెలుగువారి పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము రెండును మాటలు వచ్చుటతోనే పట్టుబడుచుండెను. చాకలిపేటలోనో, జార్జిటౌనులోనో వీధిలో నాడిన బిడ్డకు బడి ఆయా పలుకు కొత్తగా తోచదు. ఉద్యోగములకై యిటీవల వచ్చి యెత్తయిన భవనముల పై అంతస్తులలో కాపురముండు కుటుంబముల బిడ్డకు వీధి యనునదియే లేదు. ఇంట తెలుగు, తెఱమీది బొమ్మలలో ఇంగ్లీషు, తమిళము లిఫ్టులో వినబడినంతయే. ఈ బిడ్డను తీసికొనిపోయి, ఉపాధ్యాయిని ఇంగ్లీషును, ఆయా తమిళమును మాట్లాడు గదిలో కూర్చుండబెట్టుచున్నాము. “ఒంటికి వస్తోంది” అని రెండుమారులు చెప్పి, అర్థము చేసికొనువారు లేక, కూర్చున్నచోటనే బట్టలు తడుపుకొని, తోటి పిల్లలలో నవ్వులపాలైన బిడ్డ మరునాడు బడికి రానని బల్లకాలు పట్టుకొన్నచో దానిని మొండితన మందుమా?

ఈ చిక్కు చెన్నపురిలోనే కలదని యనుకొనరాదు. షోలాపురమున నేతపనికై తరముల క్రిందట పోయి స్థిరపడిన పద్మశాలీల యిండ్లలోను, బళ్లారిలోను, బరంపురములోను వేర్వేరు పాళ్లలో నున్నది. యానాములో ఇంటిభాషయే వీధిభాష యగుటచే ఇది యంతగా కానరాదు.

కొత్త భాషలో పడిన పసివారు కొన్ని వారములు, కొందఱు కొన్ని మాసములు సైతము పెదవి విప్పక వినుచుందురని పిల్లల భాషాభ్యాసమును పరిశీలించినవారు చెప్పుచున్నారు. అది జడత్వము కాదు. ఆ కాలమున బిడ్డ మాటలను ప్రోగుచేసికొనుచుండును. కాని మూడు మాసముల తరువాత తల్లిని పిలిపించి, పిల్లవాడు వెనుకబడి యున్నాడని చెప్పి, “ఇంటిలో గూడ ఇంగ్లీషే మాట్లాడుడు” అని ప్రధానోపాధ్యాయిని సలహా యిచ్చుట పరిపాటి యైనది. సలహా యిచ్చువారి యుద్దేశము చెడ్డదని మేమనము. పాటించువారిని గూర్చియే మాకాశ్చర్యము. కోర్టులోను, ఆసుపత్రిలోను ఇంగ్లీషున ధారాళముగ వాదించువారికి సైతము బిడ్డను లాలించు ఇంగ్లీషు రాదు. “కమ్”, “ఈట్”, “నో”, “సిట్” అను నాలుగు మాటలతో ఇంటి సంభాషణ యంతయు ముగియుచున్నది. అమ్మమ్మ నోరు మూతపడుచున్నది, ఎందుకన ఆమె మాట్లాడినచో బిడ్డ “చెడిపోవును”. బడిలో తన్నెవరు గిల్లిరో, ఎవరు గదిలో పెట్టి గొళ్లెము వేసిరో చెప్పుకొనుటకు ఆ బిడ్డకున్న భాష తెలుగొక్కటే. దానిని ఇంటిలోనుండియు తీసివేసిన పిమ్మట వాడెవరితో చెప్పుకొనును? ఈ సలహాను తెలుగు తల్లులు వినయముగనే, కాని గట్టిగనే నిరాకరింపవలెనని మా అభిప్రాయము.

ఇది తమిళమునకు విరుద్ధముగ చెప్పుమాట కాదు. ఈ పట్టణమున పెరుగు బిడ్డకు తమిళము వచ్చితీరవలెను. 2006 నాటి తమిళ విద్యాభ్యాస శాసనముచే అది ఒకటవ తరగతినుండి క్రమముగా విధింపబడినది. దానిపై అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానములలో జరిపిన వాదముల జోలికి ఇచట పోము. సాయంకాలము రెండు గంటలు తోటలో తమిళ పిల్లలతో నాడనిచ్చినచో మూడేండ్ల బిడ్డ సంవత్సరములో నేర్చుకొను తమిళమును పదేండ్ల వయసున ట్యూషను మాష్టరు నేర్పజాలడు.

పూర్వపు వీధిబడులలో ఇట్టి బాధలు లేవని పెద్దలు కొందఱు నిట్టూర్చుచుందురు. ఆ కాలపు సాక్ష్యము వేఱొకటి చెప్పుచున్నది. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో దేశీయ పాఠశాలలను గూర్చి విచారింప కలెక్టర్ల కాజ్ఞాపింపగా, బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో వివరమైన నివేదిక పంపెను. బిడ్డ కైదేండ్లు రాగానే ఉపాధ్యాయుని, బడిపిల్లల నందఱను తలిదండ్రులు తమ యింటికి పిలుతురట, విఘ్నేశ్వరుని చుట్టు అందఱును కూర్చుండగా ఉపాధ్యాయుడు బిడ్డ వ్రేలు పట్టి బియ్యములో వ్రాయించునట, మరునాటినుండి చదువు. అనగా మొదటి దినమున బడియే బిడ్డ యింటికి వచ్చినది. తన యింటిలో, తన తల్లి యెదుట, రేపు తనతో కూర్చుండబోవు పిల్లల ముఖములను వాడు చూచెను. ఈ యొక్క ఆచారమున ఎంత వివేకము కలదో నేటి శిశువిద్యా పండితులు గ్రహింపదగును.

కాని అదే నివేదికలో తరువాతి పంక్తులను గూడ చదువవలెను. ఉదయ మాఱు గంటలకు మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు, రెండవవాని చేత సున్న. మూడవవాని కొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివానికి నొక్కొక్కటి యెక్కువ. మన తాతలు శ్రీ యనియు, చుక్క యనియు చెప్పుకొనిన దిదియే. ఇంకొక విషయము: తెలుగు, కన్నడ బాలురు వల్లించు గ్రంథములు వాడుక భాషకు మిక్కిలి దూరమైన పద్యభాషలో నుండుటచే వారు అక్షరములు చదువుదురేగాని అర్థ మెఱుగరని ఆయన వ్రాసెను. నేటి ఎల్.కె.జి. బాలుడు తానెన్నడు చూడని మంచుదేశపు గేయములను చేతు లాడించుచు అప్పగించుట చూచినపుడెల్ల మాకీ నివేదిక జ్ఞప్తికి వచ్చును. రెండువందల యేండ్లలో పుస్తకము మారినది. అర్థము తెలియకపోవుట మారలేదు.

ఆ బడులనుండి లోకము గ్రహించిన మేలును చెప్పకపోవుట అన్యాయము. ఆండ్రూ బెల్ అను పాదిరి 1789 మొదలు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు అధిపతిగా నుండెను. దేశీయ పాఠశాలలో పిల్లలు నేలపై కూర్చుండి ఇసుకలో వ్రేళ్లతో వ్రాయుట చూచి, తన ఆశ్రమమున చిన్న తరగతిలో నా పద్ధతిని ప్రవేశపెట్టగోరెను. ఉపాధ్యాయులు కుదరదనిరి. ఆయన యెనిమిదేండ్ల బాలు నొకని నా తరగతికి గురువుగా నియమించెను, పని నెరవేరెను. 1797లో ఆయన ఇంగ్లాండున ప్రకటించిన పుస్తకముతో అది మద్రాసు పద్ధతి యను పేర వ్యాపించెను. ఇసుకలో వ్రాసిన తప్పు అరచేతితో తుడిచినంతనే పోవును; ఎఱ్ఱసిరాతో కొట్టివేయువా రుండరు. చెప్పువాడు ఎనిమిదేండ్లవాడగుటచే వాని మాట పసివానికి అందును. 1939లో అడయారునకు వచ్చిన మాంటిస్సోరీ విదుషియు అక్షరమును కలము పట్టుటకు ముందు వ్రేళ్లతో తడిమి తెలిసికొనవలెననియే బోధించెను. అట్టి యీ పట్టణముననే నేడు మూడున్నరేండ్ల బిడ్డచేత నాలుగు గీతల పుస్తకములో పెన్సిలుతో పుటలు నింపించుచున్నారు.

మణికట్టునందలి యెనిమిది చిన్న యెముకలు పుట్టుకనాటికి మృదువైన స్థితిలోనే యుండి, ఒక్కొక్కటిగా కొన్నేండ్లకు గట్టిపడును. పెన్సిలును పిడికిలితో పట్టు బిడ్డ సోమరి కాడు. వాని చేయి యింకను సిద్ధము కాలేదు. ఆచార్య యశపాలు అధ్యక్షతన 1993లో వెలువడిన “భారము లేని చదువు” నివేదిక శిశుతరగతులలో చదువు, వ్రాత, లెక్కలు లాంఛనముగా బోధించుటను నిషేధింపవలెనని, ప్రవేశ పరీక్షలను, ఇంటర్వ్యూలను రద్దుచేయవలెనని స్పష్టముగ కోరినది. ముప్పది యేండ్లు దాటినవి. నేడును మూడేండ్ల బిడ్డను కుర్చీలో కూర్చుండబెట్టి రంగుల పేర్లడుగు బడులు కలవు.

శాసనము బిడ్డ కెంత రక్ష యిచ్చుచున్నదో చూతము. 2009 నాటి విద్యాహక్కు శాసనము 2010 ఏప్రిల్ 1 మొదలు అమలునకు వచ్చెను. ప్రవేశమువేళ బిడ్డనుగాని తలిదండ్రులనుగాని పరీక్షించుటను దాని 13వ సెక్షను నిషేధించి, తొలితప్పునకు 25,000, తరువాతి ప్రతి తప్పునకు 50,000 రూపాయలవఱకు జుల్మానా నిర్ణయించినది. శరీరదండనమును, మానసిక హింసను 17వ సెక్షను కూడదన్నది. సాధ్యమైనంతవఱకు బిడ్డ మాతృభాషయే బోధనభాష కావలెనని 29వ సెక్షను. వినుటకు బాగుగనే యున్నది. కాని బిడ్డ యన నెవరు? ఆఱు మొదలు పదునాలుగేండ్ల వయసువారని 2వ సెక్షను చెప్పుచున్నది! మూడు మొదలాఱేండ్ల వారికి ప్రభుత్వము ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే 11వ సెక్షను పలికినది. బలహీనవర్గములకు నాలుగవవంతు స్థానము లీయవలెనను నియమ మొక్కటి శిశుతరగతులకును వర్తించునట్లు చేర్చిరి. రాజ్యాంగము 45వ అధికరణమును 2002లో సవరించి ఆఱేండ్లలోపు పిల్లలకు సంరక్షణము, విద్య కల్పింప రాజ్యము ప్రయత్నింపవలెనన్నారు. ప్రయత్నింపని రాజ్యమును కోర్టునకీడ్చు మార్గము అందులేదు. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధన వసతులు కలిగింపవలెనను 350-ఏ అధికరణము 1956లో వచ్చెను. దానికి ముందే, 1949లో విద్యామంత్రుల సమావేశము, పాఠశాలలో 40 మందిగాని తరగతిలో 10 మందిగాని యున్నచో ఆ భాష నేర్పు ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించెను. ఈ రెండును ప్రాథమిక విద్యకు సంబంధించినవే. మిక్కిలి చిన్నవాడును, నోరులేనివాడును అగు బిడ్డయే శాసనపు గుమ్మమువెలుపల నిలిచియున్నాడు.

2014 మే 6న సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కర్ణాటక ప్రభుత్వ వ్యాజ్యములో, ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమమును రాజ్యము నిర్బంధింపరాదనియు, మాధ్యమము నెన్నుకొనుట తలిదండ్రుల వంతనియు తీర్పు చెప్పెను. ఆ తీర్పుపై మాకు గల అభిప్రాయభేదములు వేఱొక సందర్భమునకు తగినవి. ప్రస్తుతమునకు దాని ఫలిత మొక్కటి చాలును: ఎన్నిక మనచేతిలో నున్నది. ప్రభుత్వమును నిందించి తప్పించుకొనుటకు వీలులేదు.

ఎదుటివాని బిడ్డ భాష తనకు రాదని తెలిసినప్పుడు ఉపాధ్యాయుడేమి చేయవలెనో చూపినవారు మనలోనే కలరు. పర్లాకిమిడి యిపుడు ఒడిస్సాలోనిది. 1936కు పూర్వము మద్రాసు రాజధానిలోనిది. అచ్చట బడిపంతులుగా నుండిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు కొండలలోని సవరల పిల్లలను చూచి, వారికి తెలుగు రాలేదని గద్దింపక, తానే సవర భాష నేర్చుకొనిరి. సవరలో వాచకములు వ్రాసి, స్వంత వ్యయముతో బడులు పెట్టించిరి. 1931లో సవర వ్యాకరణమును ప్రకటించిరి. (మేము వ్రాయు ఈ గ్రాంథికము ఆయనకు సమ్మతము కాజాలదని యెఱుగుదుము, ఐనను చెప్పక తప్పదు.) అచ్చట బలవంతుని భాష తెలుగు, బిడ్డ భాష సవర. ఇచ్చట మన బిడ్డయే సవర బిడ్డ. తన భాష తెలియని గదిలో కూర్చున్న బిడ్డకు జరుగవలసిన న్యాయము రెండుచోట్ల నొక్కటియే. మన యిండ్లలో పనిచేయు ఒడియా, నేపాలీ, హిందీ కుటుంబముల పిల్లలు పోవు బడులను గూర్చియు ఈ మాట వర్తించును.

ఇక చేయవలసిన దేమి? మేము కోరునది పెద్ద వ్యయముతో కూడినది కాదు. పట్టణపు ఉత్తర భాగమునుండియు, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములనుండియు వచ్చు ఆయాలలో తెలుగు తెలిసినవా రెందఱో కలరు. తరగతిలో ఇంగ్లీషు తప్ప మాట్లాడరాదను కట్టడియే వారి నోరు కట్టుచున్నది. తొలి ఆఱు మాసములు ఆ కట్టడిని సడలించినచో, “ఒంటికి” అన్న మాట యర్థమగు మనిషి బిడ్డకు దొరకును. దీనికి కానియైన ఖర్చుగాదు. మొదటి వారమున తల్లియో, తండ్రియో, తాతయో గదిలోనే యొక మూల కూర్చుండుట, రెండవ వారమున వసారాలో నుండుట, గంటతో ప్రారంభించి బడివేళను క్రమముగా పెంచుట మంచి శిశుపాఠశాలలలో నున్న పద్ధతియే. సెలవు దొరకదని తండ్రు లనెదరు. వాయిదాలకును, సమావేశములకును, బంధువుల పెండ్లిండ్లకును దొరకు సెలవు దీనికేల దొరకదో మాకు తెలియదు.

ఇంటి విషయము నొక్కటి చెప్పక విడువరాదు. మూడు, నాలుగేండ్ల బిడ్డకు దినమునకు పది మొదలు పదుమూడు గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. మనవారి యిండ్లలో తండ్రి తొమ్మిదింటికి వచ్చును. బిడ్డతో ఆడుకొనుటకు పదింటివఱకు మేలుకొలిపి యుంచును. ఆఱింటికి లేపి, ఏడింటి బస్సునకు నిద్రకన్నులతోనే ఎక్కింతురు. ఆ బిడ్డ తరగతిలో చిరాకుపడినచో ఉపాధ్యాయిని నే మనగలము?

రాబోవు సంవత్సరపు ప్రవేశములకై దరఖాస్తు లిచ్చునపుడు, కొన్ని బడులు విజయదశమినాడే చేర్చుకొనుచున్నవి గనుక ఆ దినమునకు ముందే, పాఠకులు మూడు సంగతులను పాఠశాలాధికారుల నడుగవలెనని కోరుచున్నాము. నా బిడ్డ భాష తెలిసినవారు ఆ గదిలో నెవరుందురు? నేనెన్ని దినములు లోపల కూర్చుండవచ్చును? పెన్సి లెప్పుడు చేతికిత్తురు? ఫీజు రసీదు పుచ్చుకొనునట్లే ఈ మూడింటికిని ప్రత్యుత్తరములు కాగితముమీద పుచ్చుకొనుడు.